అక్కకు దారి చెప్పిన రోజులు

ఆత్మకూరు బస్టాండు వెనక కుట్టుమిషను పెట్టుకుని చాలా ఏళ్లయింది. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్లకు నా మీద ఒక ఫిర్యాదు ఉంది. ఏది అడిగినా తలూపను. "బుధవారానికి ఇస్తావా?" అంటే ఇస్తాననో ఇవ్వననో నోటితో చెప్తాను. మెడ మాత్రం కదలదు. "ఏం మే, మెడకు కర్ర కట్టుకున్నావా?" అని ఎగతాళి చేసేవాళ్లున్నారు. నాకూ నోరుంది కాబట్టి తిరిగి ఏదో ఒకటి అంటాను, వాళ్లు నవ్వుకుని పోతారు.

కారణం ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. అమ్మకు కూడా చెప్పలేదు. మా చర్చి సంఘంలో ఒక ముసలావిడ ఉండేది. ఆమె బతికున్నన్నాళ్లూ అమ్మ ఆమె ఇంటి గడప తొక్కలేదు. దారిలో ఎదురైతే పక్క వీధిలోకి తిరిగిపోయేది. మా అక్క ఆమె వల్లనే పోయిందని అమ్మ నమ్మకం. ఆ తప్పు ఆమెది కాదు, నాది. అమ్మా ఆమే ఇద్దరూ పోయారు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. ఇది ధైర్యం కాదని నాకు తెలుసు.

అక్క నాకంటే ఆరేళ్లు పెద్దది. ఆత్మకూరులో టీచరు. పెళ్లి చేసుకోలేదు. నేను ఆమెతోనే ఉండి ఇంట్లో బట్టలు కుట్టేదాన్ని. నాయన మా చిన్నప్పుడే పోయాడు. అమ్మ ఉదయగిరిలో, కొండకింద మా పాత ఇంట్లో ఉండేది.

అక్క లావు. ఈ మాట మెత్తగా చెప్పడం నాకు చేతకాదు, ఆమెకూ నచ్చేది కాదు. "బొద్దు గిద్దు అనొద్దు మే, లావంటే లావే" అనేది. బస్సులో ఇద్దరు కూర్చునే సీటు ఆమె ఒక్కదానికే సరిపోయేది. ఎక్కినప్పటి నుంచి దిగేదాకా కిటికీలోంచి బయటికే చూసేది, నిలబడినవాళ్ల ముఖాలు చూడలేక. ఏటా బడులు తెరిచే ముందు ఆమె జాకెట్ల పక్క కుట్లు విప్పి, లోపల వదిలిపెట్టిన గుడ్డను బయటికి తీసేదాన్ని. ఒక ఏడాది తీయడానికి లోపల గుడ్డ మిగల్లేదు. ఆ ఏడే నిద్రలో గురక మధ్యన ఊపిరి ఆగడం మొదలైంది. నేను పక్కన పడుకుని, ఆగిన ఊపిరి మళ్లీ వచ్చేదాకా నా ఊపిరి బిగపట్టుకునేదాన్ని. నెల్లూరు డాక్టరు ముఖం మీదే చెప్పాడు, ఇట్లాగే ఉంటే ఒకరోజు అది తిరిగి రాదని. మద్రాసుకు కాగితం రాసిచ్చాడు.

తొంభైల చివరి మాట ఇది. పొట్టను చిన్నది చేసే ఆపరేషన్ ఒకటుందని మా వైపు ఎవరూ విని ఉండలేదు. "దేవుడిచ్చిన పొట్టను కుట్టేదేందే" అని అమ్మ ఏడ్చింది. మద్రాసు డాక్టరు కోడిగుడ్డంత సైజు చేత్తో చూపించి, ఇకమీదట నీ పొట్ట ఇంతే అన్నాడు. మొదట జావ, మజ్జిగ. తర్వాత మెదిపిన అన్నం, చెంచాతో. ఏదైనా నీళ్లయ్యేదాకా నమలాలి. మాంసం ఆరు నెలలు ముట్టకూడదు. ఇన్ని చెప్పి, ఒంటికి పని కూడా చెప్పాలి అన్నాడు. అక్క మోకాళ్లు అప్పటికే అరిగిపోయాయి, నాలుగడుగులు వేస్తే కళ్లలో నీళ్లు తిరిగేవి. ఆయన పైదేశంలో పనిచేసి వచ్చినవాడు. అక్కడ ఇట్లాంటివాళ్లను పడవ నడిపే మిషను మీద కూర్చోబెడతారట. కూర్చునే చేస్తారు కాబట్టి మోకాళ్ల మీద ఒంటి బరువు పడదు, కాళ్లూ నడుమూ వీపూ అన్నీ పనిచేస్తాయి.

"మీ ఊళ్లో మిషను ఉండదు. నీళ్లున్నాయా, పడవ ఉందా?" అని అడిగాడు.

అక్క నవ్వబోయి పొట్ట పట్టుకుంది. "మాది మెట్ట సార్. తాగేదానికే వెతుక్కుంటాం" అంది.

కానీ నీళ్లున్నాయి. సెప్టెంబరులో ఆపరేషన్ అయ్యాక సెలవు పెట్టి అక్క అమ్మ దగ్గరికి ఉదయగిరి వచ్చింది, వెంట నేనూ. ఆ ఏడు వానలు దండిగా పడి గండిపాలెం రిజర్వాయరు కట్ట అంచుదాకా నిండింది. ఉదయగిరి నుంచి పొద్దున బస్సెక్కితే ఎండ ముదరకముందే చేరవచ్చు. అక్కడ చేపల కాంట్రాక్టరు సముద్రం వైపు నుంచి కొనుక్కొచ్చిన పాత పడవ ఒకటుంది. మామూలుగా మా జాలరులు తిరిగేది పుట్టిలో, గుండ్రంగా బుట్టలాగా ఉంటుంది, ఒక్క తెడ్డుతో నెడతారు. ఈ పడవకు రెండు తెడ్లు. రెండు అంచుల మీద ఇనప కొక్కేల్లో దిగేసి ఉంటాయి. పడవకు కాపలా ఒక తాత. అక్క సంగతంతా చెప్తే ఆమెను కిందినుంచి పైదాకా చూసి, "పడవ మోస్తాది తల్లీ. నువ్వు లాగతావా, అది చెప్పు" అన్నాడు.

కార్తీకం చలిలో మొదటి రోజు అక్కను పడవలోకి దించడానికి తాత, నేను, పక్కన వలలు ఆరేసుకునే ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చింది. దిగాక ఆమె పడవ ముక్కు వైపు తిరిగి కూర్చోబోయింది.

"అట్టా కాదు. ఎనక్కి తిరుగు" అన్నాడు తాత.

"ఎనక్కి తిరిగితే ముందరేముండాదో ఎట్టా కనపడతాది?"

"కనపడదు. ఈ పడవ తోలేవాడికి పోయే దిక్కు కనపడదు, వచ్చిన దిక్కే కనపడతాది. ముందర చూసేదానికి నీ చెల్లెల్ని పెట్టుకో."

అట్లా నేను పడవ వెనక పలక మీద, అక్కకు ఎదురుగా కూర్చున్నాను. ఆమె మోకాళ్లకు నా మోకాళ్లు తగిలేవి. ఆమెకు నేనూ, నా వెనక దూరమయ్యే కట్టా కనిపించేవి. నాకు ఆమె ముఖమూ, ఆమె భుజాల మీదుగా మేం పోబోయే నీళ్లూ కనిపించేవి. "చేతుల్తో కాదు తల్లీ, కాళ్లు అడ్డకర్రకు తన్ని నడుంతో లాగు" అని తాత ఒడ్డునుంచి అరిచేవాడు. ఆ రోజు ఐదు లాగులు లాగింది. పడవ ఉన్నచోటే సగం చుట్టు తిరిగింది. అరచేతులు బొబ్బలెక్కాయి. మర్నాడు నేను పాత చీర చింపి తెడ్ల పిడులకు గుడ్డ చుట్టి, ఊడకుండా దారంతో కుట్టాను.

బస్సు వచ్చిన రోజల్లా పోయాం. చీరతో కాళ్లు చాపడం కుదరడం లేదని నైటీ కిందికి వదులు పైజామా కుట్టిచ్చాను. దాన్ని చూసి, "నన్ను సర్కస్‌లో చేర్చేదానికి కుట్టినావా ఏంది" అంది, కానీ వేసుకుంది. ఒడ్డున మేకల్ని తోలుకుపోయేవాళ్లు నిలబడి చూసేవాళ్లు. "పంతులమ్మ పడవ తోలతా ఉండాది రోయ్" అనుకునేవాళ్లు. ఐదు లాగులు ఇరవై అయ్యాయి. తర్వాత లెక్క మానేసి, మునిగిన తుమ్మచెట్ల దాకా పోయి వచ్చేది. మధ్యలో తెడ్లు పైకెత్తి పెట్టి, గ్లాసులోని రాగిజావను చెంచాతో కాస్త కాస్త చప్పరించేది. తెడ్ల నుంచి నీటిచుక్కలు రాలే చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు. ఇప్పుడు ఇంట్లో కొళాయి సరిగా కట్టకపోతే లేచి వెళ్లి కట్టేది అందుకే. ఆ చప్పుడు నేను వినలేను.

మొదట్లో "దారి ఎట్టుండాది మే?" అని నోటితో అడిగేది. లాగేటప్పుడు మాటకు ఊపిరి చాలేది కాదు. అందుకని కళ్లెత్తి నా ముఖంలోకి చూసేది. బాగుంటే నేను తలూపేదాన్ని. కాకపోతే చెయ్యెత్తేదాన్ని. అంతే, ఇంకో గుర్తు లేదు. చూపు, తలూపు, లాగు. ఒక మనిషి తన బరువంతా నా తల కదలిక మీద పెట్టి అంత నమ్మకంగా వెనక్కి పోవడం నాకు గర్వంగా ఉండేది. ఇంట్లో అందరూ నన్ను చిన్నదానిలాగే చూసేవాళ్లు. పడవలో పెద్దదాన్ని నేనే.

ఒక రోజు కొంగల గుంపు లేస్తుంటే అటు చూస్తూ ఉండిపోయాను. అక్క కళ్లెత్తినట్టు తెలిసింది, అలవాటుకొద్దీ తలూపాను. పడవ పోయి నీళ్లలో మునిగిన మొద్దుకు కొట్టుకుంది. అక్క వెనక్కి విరుచుకుపడి, తెడ్డు పట్టుకుని నిలదొక్కుకుంది. నేను పలక అంచు గట్టిగా పట్టుకున్నాను. ఆమె మాత్రం నవ్వింది. "చూడకుండా తలూపొద్దు మే" అంది. అంతకుమించి ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదేమో, గుర్తుండేది.

జనవరి చివరికి ఆమె జాకెట్లను నాలుగు సార్లు లోపలికి కుట్టాను. మెడ దగ్గర ఎముక బయటపడింది. ఆ ఎముక చిన్నప్పుడు ఎప్పుడో చూశాను. బస్సులో ఆమె పక్కన నేను కూర్చున్నాను, ఇద్దరం పట్టాం. అక్క కిటికీ వైపు తిరగకుండా, కండక్టరును పిలిచి మరీ రెండు టికెట్లు అడిగింది. నిద్రలో ఊపిరి ఆగడం లేదు. ఆగడం లేదని తెలిసినా నేను వింటూ పడుకునేదాన్ని.

ఫిబ్రవరిలో సెలవు అయిపోయి ఆత్మకూరు వచ్చేశాం. మాతో అమ్మ కూడా వచ్చింది. సంఘంలో కృతజ్ఞత కూడిక పెట్టాలన్నారు. అక్కను ఆపరేషన్‌కు తీసుకుపోయిన రోజు సంఘంలో పన్నెండుమంది ఆడవాళ్లు ఉపవాసం ఉండి ప్రార్థన చేశారు. వాళ్లలో మేకలు కాసుకునే అవ్వ ఒకామె పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. మా సంఘం ఆడవాళ్లకు ఒక పద్ధతి ఉంది. ఎవరి కోసం ఉపవాసం పట్టారో ఆ మనిషి బాగుపడ్డాక, పట్టినవాళ్లు తమ చేత్తో ఒక ముద్ద పెడతారు. అది తింటేనే ఆ ఉపవాసం తీరినట్టు. వద్దంటే వాళ్ల ప్రార్థనను వద్దన్నట్టే.

పన్నెండు ముద్దలు. కోడిగుడ్డంత పొట్ట.

నేను ముందే ఇల్లిల్లూ తిరిగి చెప్పాను, నాలుగు మెతుకులు, లేదంటే చెంచాతో పాయసం, అంతకు మించొద్దని. అందరూ ఒప్పుకున్నారు, అట్లాగే చేశారు. ఆదివారం మధ్యాహ్నం చర్చి ముందు వేసిన పందిట్లో అక్కను కుర్చీలో కూర్చోబెట్టారు. ఒక్కొక్కరూ వచ్చి నాలుగు మెతుకులు నోట్లో పెట్టి, తలమీద చెయ్యి వేసి పోతున్నారు. అక్క ప్రతిదీ నిదానంగా నమిలింది. అమ్మ వంటల దగ్గర ఉంది. నేను అక్కకు ఎదురుగా, పడవలో కూర్చున్నట్టే కూర్చున్నాను.

అవ్వ ఆఖరున వచ్చింది. ఆమె చేతిలో అన్నం లేదు. గిన్నెలో ఒకే ఒక మాంసం ముక్క ఉంది.

"నా మేకపిల్ల బిడ్డా. నువ్వు బాగుపడితే దాన్ని కోసి నీ నోట్లో పెడతానని మొక్కున్నాను. తెల్లారినుంచి ఉడకబెట్టినాను, వెన్నమాదిరి ఉండాది" అంది. ముక్కను రెండు వేళ్లతో తీసి చెయ్యి చాపింది. పందిట్లో అందరూ చూస్తున్నారు.

అక్క కళ్లెత్తి నా ముఖంలోకి చూసింది.

ఆ చూపు నాకు తెలుసు. మూడు నెలలు చూశాను. ఆరు నెలలకు ఇంకా మూడు వారాలు తక్కువని కూడా నాకు తెలుసు. ఏ కుట్టు ఎంత లాగుడు తట్టుకుంటుందో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? కానీ నేను ముక్కను చూడలేదు. చాపిన చేతిని చూశాను, చుట్టూ జనాన్ని చూశాను. వద్దంటే ఈ ముసలామె ముఖం ఏమైపోతుందో అనుకున్నాను. తుమ్మచెట్ల దాకా పడవ లాగిన మనిషిని ఇంత ముక్క ఏం చేస్తుందిలే అనుకున్నాను.

తలూపాను.

అక్క నోరు తెరిచింది. రెండుసార్లు నమిలింది. అవ్వ రెండు చేతులూ ఆమె బుగ్గల మీద పెట్టి ముఖంలోకి చూస్తుంటే, ఇంకా నములుతూ ఉండలేక మింగేసింది.

సాయంత్రానికి ఏదో అడ్డం పడినట్టుందంది. సోమవారం చెంచాడు నీళ్లు కూడా నిలవలేదు. డాక్టరు దగ్గరికి పోదామంటే వినలేదు. "అవ్వకు తెలిస్తే తట్టుకోలేదు మే. రేపటికి జారిపోతాదిలే" అంది. నేను కూడా జారిపోతుందనే అనుకున్నాను, అనుకోవడం నాకు అవసరం కాబట్టి. మంగళవారం పొద్దునకు ఒళ్లు కాలిపోతోంది, పొట్ట చెక్కలాగా బిగుసుకుంది. జీపు మాట్లాడి నెల్లూరుకు బయల్దేరాం. అక్క తల నా ఒళ్లో ఉంది. అమ్మ కాళ్ల దగ్గర కూర్చుని, "నీకు ముక్క పెట్టిందెవురే? తినమన్నదెవురే?" అని ఒకటే అడుగుతోంది.

"ఎవురూ అన్లా మా. నేనే సరిగ్గా నమల్లా" అంది అక్క.

అని నా వైపు చూసి, చెప్పొద్దన్నట్టు తల కొంచెం అడ్డంగా కదిపింది. సంగం ఊరు దాటేటప్పుడు పెన్న నీళ్లు కిటికీలోంచి తళుక్కుమన్నాయి. అక్క వాటిని చూడలేదు. మళ్లీ నా ముఖంలోకే చూసింది, దారి ఎట్టుండాది అన్నట్టు. నేను తలూపాను. ఇంకేం చేయాలో తెలియలేదు. బుధవారం పొద్దున ఆస్పత్రిలో పోయింది. లోపల కుట్టు చిట్లిందని చెప్పారు.

నెల తర్వాత గండిపాలెం పోయాను. తాతకు చెప్పాలి కదా. నా మాట విని ఆయన చేతిలోని వల పక్కన పెట్టాడు. తర్వాత పడవ నీళ్లలోకి నెట్టి, కూర్చోమన్నాడు. నేను అక్క చోట కూర్చున్నాను, ఆయన నా పలక మీద కూర్చున్నాడు. పిడులకు నేను చుట్టిన గుడ్డ అట్లాగే ఉంది, ఆమె చేతుల చెమటకు నల్లబడి. నాలుగు లాగులకే ఊపిరి అందలేదు. ముందర ఏముందో తెలియని భయం ఎట్లా ఉంటుందో అప్పుడు తెలిసింది. తెడ్లు వదిలేసి, పందిట్లో జరిగింది ఆయనకు చెప్పాను. ఒక్క ఆయనకే చెప్పాను.

తాత నీళ్లవైపు చూస్తూ అన్నాడు. "మెడ తిప్పితే ముందర కనపడతాది తల్లీ. తోలేవాళ్లందరూ అప్పుడప్పుడూ తిప్పి చూసుకుంటారు. మీ అక్క మూడు నెల్లు తోలింది. ఒక్కపాలి గూడ తిప్పలా. నిన్నే చూస్తా ఉన్నింది."

ఓదార్చడానికే అన్నాడేమో. నాకు మాత్రం ఆ మాట ఈరోజుకీ వదల్లేదు. మెడ తిప్పాల్సిన అవసరం ఆమెకు ఒక్కసారీ రాకుండా చేసింది నేనే.

బస్సులో వస్తూ నిర్ణయించుకున్నాను, ఇంటికి పోగానే అమ్మకు చెప్పేయాలని. ఎట్లా మొదలుపెట్టాలో కూడా అనుకున్నాను. ఆత్మకూరులో దిగి వీధి మలుపు తిరిగేసరికి మా ఇంటి ముందు మేకల అవ్వ నిలబడి ఉంది. చేతిలో పాలచెంబు. అమ్మ గడపలో అడ్డంగా కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది, ఆమె అక్కడ లేనట్టే. నేను అవ్వను దాటుకుని గడప దగ్గరికి వచ్చాను.

అమ్మ చేట పక్కన పెట్టింది. అవ్వకు వినపడేలాగా నన్నడిగింది. "నువ్వు అక్కడే ఉన్నావు గదా, చెప్పు. ఆ ముక్క నా బిడ్డ నోట్లో పెట్టింది ఈమే గదా?"

అనుకున్న మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. అమ్మ కళ్లెత్తి నా ముఖంలోకి చూస్తోంది. అవే కళ్లు, అక్కవి.

నేను తలూపాను.

అవ్వ చెంబు మీదికి కొంగు లాక్కుని, వచ్చిన దారినే నిదానంగా వెళ్లిపోయింది. అమ్మ మళ్లీ బియ్యం ఏరుకుంది. నేను లోపలికి పోయి ముఖం కడుక్కున్నాను. ఆ తర్వాత ఎవరికీ తలూపలేదు.